ముప్ఫై కుప్పల లెక్క

రజిత ఇచ్చిన కాగితాన్ని వీరస్వామి సారు ఒకసారి పైనుంచి కిందికి, ఒకసారి కిందినుంచి పైకి చూసి, మడిచి మళ్లీ ఆమె చేతిలోనే పెట్టాడు. మహబూబాబాద్ డిగ్రీ కాలేజీలో, బీకాం రెండో సంవత్సరం బిజినెస్ స్టాటిస్టిక్స్ క్లాసులో, సోమవారం పూట, అరవైమంది చూస్తుండగా జరిగింది ఈ మర్యాద.

"ముప్ఫై కుప్పల తేమ రాసినవు. ఒక్క కుప్ప గూడ పదిహేడు దాటలే. ఏంది రజితా, మీ ఊర్లె వడ్లు రూల్సు చదువుకొని ఎండుతయా?" అన్నాడు.

క్లాసంతా నవ్వింది. నవ్వక ఏం చేస్తారు, తమ వంతు ఇంకా రాలేదు కదా. రజిత మాత్రం చెవుల దాకా ఎర్రబడింది. ఆ పిల్లకు మామూలు రోజుల్లోనే కుదురుండదు. కూర్చుంటే కాలు ఊపుతుంది, నిలబడితే చున్నీ అంచు నలుపుతుంది. ఆ రోజు ఆ కాగితాన్ని ఎనిమిది మడతలు పెట్టి మళ్లీ విప్పింది.

సారు పెట్టిన పని చిన్నదే. ఎవరి బతుకులోంచి వాళ్లు ముప్ఫై అంకెలు తేవాలి. వాటికి సగటు కట్టాలి, స్టాండర్డ్ డీవియేషన్ తీయాలి, నిలువు కడ్డీల బొమ్మ గీయాలి. ఇరవై మార్కులు. ఒకడు తమ ఊరి బస్సు రోజూ ఎన్ని నిమిషాలు ఆలస్యంగా వస్తుందో రాసుకొచ్చాడు, ఇంకొకామె వాళ్ల బర్రె పూటకెన్ని లీటర్లు ఇస్తుందో తెచ్చింది. రజిత వడ్ల తేమ తెచ్చింది. పెద్దవంగర అవతల ఆమె ఊళ్లో మహిళా సంఘం నడిపే వడ్ల కొనుగోలు కేంద్రం ఉంది. దాన్ని చూసుకునేది మంగమ్మ. మంగమ్మకు మాట ఎంత వచ్చో రాత అంత రాదు. అందుకని కాలేజీ నుంచి రాగానే రిజిస్టర్ రాసిపెట్టేది రజితే. ఆ రిజిస్టర్‌లోంచి ముప్ఫై అంకెలు ఎత్తి రాసుకుంటే తప్పేముందని అనుకుంది. పదహారు పాయింట్ ఎనిమిది, పదహారు పాయింట్ తొమ్మిది, పదిహేడు. అన్నీ అచ్చు అక్కచెల్లెళ్లలా ఉన్నాయి.

క్లాసు అయ్యాక సారు ఆమెను ఆపాడు. మనిషి కోపిష్టి కాదు, దొంగ అంకె చూస్తే మాత్రం ఆయనకు ఒళ్లు మండుతుంది. అన్నం ఉడికిందా లేదా అని అమ్మలు ఒక్క మెతుకు పట్టుకొని ఎట్లా చెప్పగలుగుతున్నారో తెలుసా అని అడిగాడు. కుండలో నీళ్లన్నీ ఒక్కతీరుగా మసులుతాయి కాబట్టి ఏ మెతుకు పట్టినా ఒకటే. కుప్ప అట్లా కాదు, పైన ఎండ, అడుగున చెమ్మ. "కుప్పలున్న ప్రతి గింజకు నీ చేతిల పడే అవకాశం ఉండాలె. అప్పుడే అది శాంపిల్. నువ్వే చెయ్యి పెట్టి తియ్యి. గురువారం దాకా చూస్త, అటెన్క మార్కులు యూనివర్సిటీకి పోతయి" అన్నాడు. ఈ ఇరవై సున్నా అయితే, పెద్ద పరీక్ష ఎంత బాగా రాసినా పేపరు తప్పినట్టే. రజితకు పోయిన సెమిస్టర్‌ది ఒక పేపరు ముందే మిగిలి ఉంది. దీనితో రెండవుతాయి.

తొర్రూరులో బస్సు మారి ఇంటికి పోయేదాకా ఆమెకు ఒకటే ఆలోచన. రిజిస్టర్‌లోని అంకె అబద్ధమని ఆమెకు తెలియదా? తెలుసు. ఊళ్లో అందరికీ తెలుసు. తేమ పదిహేడు శాతం దాటిన వడ్లు కొనకూడదని సర్కారు రూలు. రైతు తన కుప్ప మీద ఎండకు కరకరలాడే పైపొర నుంచి ఒక పిడికెడు తీసి తానే మంగమ్మకు తెచ్చిస్తాడు. కుప్ప కలవాడే తేవాలి. కాంటా కాకముందు పరాయి చెయ్యి కుప్పలో పడితే బర్కత్ పోతుందని ఆ ఊరి పట్టింపు. మంగమ్మ ఆ పిడికెడు తేమ కొలిచే మిషన్‌లో వేస్తుంది. పదిహేడులోపు వస్తే రాయిస్తుంది, దాటితే పొద్దుగూకినాక మళ్లీ తెమ్మంటుంది. మళ్లీ తెచ్చేదీ ఆ పైపొరే. మరి ఆ వడ్లు తీసుకునే మిల్లువాళ్లేమన్నా పాలు తాగే పిల్లలా? ఎట్లాగూ చెమ్మ ఉంటుందని బస్తాకు రెండు కిలోల తరుగు ముందే కోస్తారు. వీళ్ల సంగతి వాళ్లకు తెలుసు, వాళ్ల సంగతి వీళ్లకు తెలుసు. ఎవరూ నోరు విప్పరు, లారీ కదులుతుంది.

అయితే ఈసారి ఆ లారీయే రావడం లేదు. రజిత వాళ్ల నాయిన ఐలేశ్ వడ్లు కేంద్రంలో పోసి పదకొండు రోజులైంది. యాసంగి పంట, రెండెకరాలది. పగలు కాళ్లతో బోదెలు తీసి ఎండబెట్టడం, మబ్బు కనబడితే కుప్ప చేసి పరదా కప్పడం, మళ్లీ విప్పడం. మనిషి నల్లగా మాడిపోయాడు. చుట్టూ ఇంకా ఇరవై తొమ్మిది కుప్పలు, ఇరవై తొమ్మిది ఇళ్ల పరేషాన్. బుధవారం సాయంత్రం గాలివాన అని ఫోన్లలో చెప్తున్నారు. వాన పడితే అడుగు వడ్లు మొలకెత్తుతాయి, మొలకెత్తిన వడ్లను కోళ్లు కూడా చూడవు.

మంగళవారం రజిత కాలేజీ మానేసి పొద్దున్నే మంగమ్మ దగ్గరికి పోయి మిషన్ అడిగింది. మంగమ్మ అనుమానంగా చూసింది. కుప్పల లోపల చెయ్యి పెట్టి తీయాలని చెప్పేసరికి అనుమానం రెట్టింపయింది. "ఉన్న మాటంటే ఊరు అచ్చిరాదు బిడ్డా. ఏం చేసుకుంటవ్ గా అంకెలు?" అంది. కాలేజీకే పెద్దమ్మా, సారుకు చూపించి పారేస్తా అని రజిత బతిమాలింది. తన రిజిస్టర్ మొత్తం రాసే పిల్ల, పైగా కళ్లల్లో నీళ్లు. మంగమ్మ మిషన్ ఇచ్చింది.

పరాయి చెయ్యి పడకూడదన్న పట్టింపు ఒకటి ఉంది కదా. దాన్ని నాయినమ్మ గట్టమ్మ తెంపింది. మనుమరాలి వెంట కర్ర పట్టుకొని నడిచి, ఆడపిల్ల చెయ్యి లచ్చిమి చెయ్యి, ఏం కాదు అని కుప్ప కుప్ప దగ్గరా పూచీ పడింది. చెప్పులు విప్పించింది. కొలిచేటప్పుడు ఒకటి అనకూడదట, మొదటి పిడికెడుకు లాభం అనాలట. రజిత లాభం అంది, రెండు అంది, మూడు అంది. బస్సు టికెట్ల మీది నంబర్లలో చివరి అంకె ఎంతుంటే కుప్ప చుట్టూ అన్ని అడుగులు నడిచి, ఆగినచోట మోచేతి దాకా చెయ్యి దూర్చింది. ఒక్కో కుప్పకు అయిదు చోట్ల. లోపల వడ్లు వెచ్చగా, చెమటపట్టిన ఒళ్లులా ఉన్నాయి. ఎక్కడ చెయ్యి ఆపాలో తనకిష్టమొచ్చినట్టు తేల్చుకోకుండా ఒక టికెట్ ముక్క చెప్పినట్టు వినడం ఆమెకు చిత్రంగా, హాయిగా అనిపించింది.

పద్దెనిమిది పాయింట్ నాలుగు. పంతొమ్మిది పాయింట్ ఆరు. పదిహేడు పాయింట్ రెండు. సాయంత్రానికి చెయ్యి మోచేతి దాకా దురద, ఎర్రటి దద్దుర్లు. తన నాయిన కుప్పే అన్నిటికంటే ఘనం, ఇరవై ఒకటి పాయింట్ మూడు. గోడ నీడన పోశాడు మరి. సగటు పద్దెనిమిది పాయింట్ ఏడు వచ్చింది. ఎర్ర స్కెచ్ పెన్నుతో కడ్డీలు గీస్తే, నడుమ ఎత్తుగా, అటూ ఇటూ జారుతూ, పుస్తకంలో ఉన్న బొమ్మే కళ్లముందు నిలబడింది. రజితకు సంతోషం ఆగలేదు. ఇన్నాళ్లూ ఎక్కాల్లా బట్టీ పట్టిన చదువు మొదటిసారి ఆమెతో నిజం మాట్లాడింది. ఆ నోట్‌బుక్కును నాయినకు చూపించి ఈ కడ్డీ ఇన్ని కుప్పలు, ఆ కడ్డీ అన్ని కుప్పలు అని వేలు పెట్టి చెప్పింది. ఐలేశ్‌కు అక్షరాలు రావు, అంకెలూ అంతంతే. బొమ్మ మాత్రం చాలాసేపు చూశాడు. తనకు అర్థం కానిది తన బిడ్డకు అర్థమవుతున్నందుకు ఆయన ముఖం వెలిగిపోయింది.

ఒక్క పొరపాటు చేసింది. సారుకు కావలసింది ముప్ఫై అంకెలే, ముప్ఫై పేర్లు కావు. రజిత ప్రతి అంకె పక్కనా కుప్ప కలవాళ్ల పేరు రాసింది. రిజిస్టర్ రాసే చెయ్యి కదా, మొదటి గడిలో పేరు లేకపోతే ఆ చేతికి గీత ముందుకు సాగదు. ఊళ్లో పేరు లేని కుప్ప ఉంటుందా అసలు?

బుధవారం పొద్దున పది గంటలకు మిల్లు మనిషి వీరేందర్ మోటార్ సైకిల్ మీద వచ్చాడు. వెనక మూడు లారీలు బయలుదేరాయని, చూసి లోడు చేయిస్తానని చెప్పాడు. కేంద్రంలో ఒక్కసారిగా ప్రాణం వచ్చింది. పడమట మబ్బు కొంగలా మెడ చాస్తోంది. ఆడవాళ్లు పరదాలు లాగుతున్నారు, మగవాళ్లు సంచులు పరుస్తున్నారు. రజిత హమాలీలకు మంచినీళ్లు తేవడానికి బిందె తీసుకొని బోరింగు దగ్గరికి పోయింది. నోట్‌బుక్కు నాయిన దగ్గర పెట్టి పోయింది.

ఆమె తిరిగొచ్చేసరికి ఐలేశ్ ఆ పుస్తకం తెరిచి వీరేందర్‌కు చూపిస్తున్నాడు. ఎందుకు చూపిస్తున్నాడంటే ఏం చెప్తాం, కన్న ప్రేమ. మిల్లు మనిషి చదువుకున్నవాడు, తన బిడ్డ చేసిన గొప్ప పని ఆయనకైతే అర్థమవుతుంది. "జర చూడు సారూ, మా రజిత రాసింది. ముప్ఫై కుప్పలు ఒక్కతే తిరిగింది" అంటున్నాడు. వీరేందర్ ఓహో అంటూ పేజీ చూశాడు, రెండో పేజీ చూశాడు, జేబులోంచి ఫోన్ తీసి రెండు పేజీలూ ఫొటో కొట్టాడు. ఐలేశ్ ఫొటో సరిగ్గా పడాలని పుస్తకాన్ని రెండు చేతులతో చాపి పట్టుకున్నాడు. రజిత చేతిలో బిందె జారి సగం నీళ్లు కాళ్ల మీద పోయాయి.

పావుగంటకు వీరేందర్ మంగమ్మను కేంద్రం గదిలోకి పిలిచాడు. నోట్‌బుక్కు పట్టుకొని రజితనూ రమ్మన్నాడు. బయట ఐలేశ్ సంచులకు వడ్లు ఎత్తుతున్నాడు, లోపలి మాట ఆయనకు వినపడదు. ఫొటోలు మిల్లు యజమాని సేటుకు పంపానని, సేటు లారీలను తొర్రూరు అవతలే ఆపేశాడని వీరేందర్ చెప్పాడు. మీ ఊరి పిల్లే పద్దెనిమిది, పంతొమ్మిది, ఇరవై ఒకటి అని పేర్లతో సహా రాస్తే రెండు కిలోలు ఎట్లా సరిపోతాయి? బస్తాకు అయిదు కిలోల తరుగుకు ఒప్పుకోండి, లేదా ఇంకో నాలుగు రోజులు ఎండబెట్టుకోండి. ఇది సేటు మాట. నాలుగు రోజులు! కిటికీలోంచి చూస్తే నాలుగు గంటలు కూడా ఆగేలా లేదు మబ్బు.

రజిత నిలబడ్డచోటే కాలు మార్చి కాలు మీద నిలబడుతోంది. వీరేందర్ ఎప్పుడు సై అంటాడా అని బయట కాచుకున్న ముప్ఫై మందికి, వాళ్ల పొట్టకొట్టింది తన ఎర్ర కడ్డీలని ఇంకా తెలియదు. నాయినకూ తెలియదు. ఆమెకు గట్టిగా ఏడవాలనిపించింది, ఎవర్నో ఒకర్ని కొట్టాలని కూడా అనిపించింది.

మంగమ్మ మాత్రం బెదరలేదు. అయిదు కిలోలు అన్నావంటే ఈ పుస్తకం తీసుకొని నేనే కలెక్టరాఫీసుకు పోతా, అప్పుడు ఏ రూలు కింద మీ సేటు ఇన్నేళ్లుగా రెండు కిలోలు కోస్తున్నాడో అదీ బయటికొస్తది అని మెత్తగా, కూరగాయల బేరం ఆడినట్టే చెప్పింది. వీరేందర్ తల గోక్కున్నాడు. ఆయనా జీతగాడే, ఆయనకూ లారీలు పోవాలి. ఆ ఫొటోలు వెళ్లిపోయాయి కదా, వాటిని వెనక్కి తెచ్చేదెట్లా అన్నాడు. కాసేపు ఆలోచించి దారి కూడా తానే చూపాడు.

"గీ లెక్క ఉత్తదే అని ఈ పిల్ల రాసియ్యాలె. కాలేజీ కోసం కూసొని మనసుల తోచింది రాసిన, కొలవలే అని. సంతకం పెడితే నేను ఫొటో కొట్టి సేటుకు పంపుత. రిజిస్టర్ ప్రకారం లోడు చేస్కపోతం."

మంగమ్మ రజిత వైపు చూసింది. రాయి బిడ్డా అని నోటితో అనలేదు. అంటే బాగుండేది, తప్పు ఆమె మీద కొంత పడేది.

రజిత పెన్ను తీసింది. ఆమె జీవితంలో తన చేత్తో తాను తేల్చిన మొదటి నిజం అది, దద్దుర్లు ఇంకా మోచేతి మీదే ఉన్నాయి. ఆ పేజీ మీదే అడ్డంగా, కడ్డీల మీదుగా రాసింది. "ఈ అంకెలు నేను కొలిచినవి కావు. ఊహించి రాసినవి." కింద పేరు, తేదీ. చేతిరాత ఎంత గుండ్రంగా వచ్చిందో చూసి తన మీద తనకే రోత పుట్టింది. వీరేందర్ ఫొటో కొట్టుకొని బయటికి నడిచాడు. మంగమ్మ ఆ రెండు ఆకులూ చింపి, ఇవి ఎవరి కంటా పడొద్దు బిడ్డా అని, చాయ్ మరుగుతున్న పొయ్యిలో పెట్టింది.

గంటలో మూడు లారీలూ వచ్చాయి. కాంటాలు, హమాలీల కేకలు, దుమ్ము. సాయంత్రం అయిదుకు చివరి బస్తా ఎక్కింది, అయిదున్నరకు వాన దంచికొట్టింది. ఖాళీ కల్లంలో జనం తడుస్తూనే నవ్వుకున్నారు. గట్టమ్మ కర్ర పారేసి రెండు చేతులూ వానకు చాపింది. ఐలేశ్ వీరేందర్ నోట విన్న ఒకటే మాట అందరితోనూ చెప్పుకు తిరిగాడు. "లారీలు ఆగినయంట. మా బిడ్డ సంతకం పెడితెనే కదిలినయి." అది నిజమే కదా, ఎవరు కాదంటారు? రజిత ఇంట్లోకి పోయి తలుపు దగ్గర కూర్చుంది, లేచింది, మళ్లీ కూర్చుంది.

దీపాలు పెట్టాక కొత్త కాగితం తీసింది. కొలిచినవి కొన్ని గుర్తున్నాయి. లెక్కపెడితే పదకొండు తేలాయి. మిగతా పంతొమ్మిదీ మర్చిపోయింది. మళ్లీ కొలుద్దామంటే కుప్పలేవి? అయినా ఇప్పుడు ఆమెకు పని బాగా వచ్చు. నాలుగు అంకెలు పదిహేడు కింద, రెండు ఇరవై పైన, మిగతావి నడుమ గుమిగూడేలా వేస్తే వీరస్వామి సారు కాదు, ఆయన సారు కూడా పట్టుకోలేడు. నిజం ఎట్లా ఉంటుందో తెలిసినవాళ్లే మంచి అబద్ధం రాయగలరు మరి. పన్నెండో అంకె దగ్గర పెన్ను పెట్టింది. నిజమైన లెక్కను ఉత్తదని రాసిచ్చిన చేతితో ఇప్పుడు ఉత్త లెక్కను నిజమని రాయాలి. పెన్నుకు మూత పెట్టేసింది. ఊరి కోసం ఒకటి రాసింది, సరే. తన కోసం ఇంకొకటి రాయలేకపోయింది.

గురువారం సారు పేరు పిలిచాడు. తేలేదు సార్ అంది. ఎందుకు తేలేదంటే ఏం చెప్పాలి? నిజం చెబితే రిజిస్టర్ సంగతి చెప్పాలి, మంగమ్మ సంగతి చెప్పాలి, ముప్ఫై ఇళ్ల సంగతి చెప్పాలి. కొలవలేదు సార్ అంది. ఆ మాట నిన్న రాసినప్పటికంటే తేలిగ్గా నోట్లోంచి వచ్చింది. సారు ఆమె ముఖం వైపు చూసి, చున్నీ కిందినుంచి కనబడుతున్న మోచేతి దద్దుర్ల వైపు చూశాడు. తర్వాత తల వంచి మార్కుల రిజిస్టర్‌లో సున్నా వేశాడు. ఆయనకూ ఆ పూట పాఠం సరిగ్గా సాగలేదు.

ఇంటికొచ్చేసరికి ఐలేశ్ వాకిట్లో తడిసిన పరదా ఆరేస్తున్నాడు. రెండు వారాల తర్వాత స్నానం చేసి తెల్లచొక్కా వేసుకున్నాడు. బిడ్డను చూడగానే పరదా వదిలేసి ఎదురొచ్చాడు.

"నీ లెక్క చూసి సారు ఏమన్నడు బిడ్డా? ఎన్ని మార్కులేసిండు?"

రజిత బ్యాగు భుజం మీంచి దించి గోడకు తగిలించింది. నాయిన వైపు తిరగకుండానే చెప్పింది.

"ఇరవైకి ఇరవై, నాయినా."

"వెయ్యడా మరి? కొలిచి రాసిన లెక్కనాయె" అన్నాడు ఐలేశ్.